జీతం ఏ నిధి నుంచి వస్తుందో ముందు కనుక్కోండి

ప్రశ్న: జంతుశాస్త్రంతో డిగ్రీ చేసి, ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో పనిచేస్తున్నాను. ఒక పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయం, దాని వైద్య కేంద్రం కలిసి ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలు చూశాను. డాక్టరు, నర్సు కాని నాలాంటివారికి అక్కడ చోటుంటుందా? నాకు సరిపోతాయనిపించిన వాటిలో చాలావాటికి ‘ప్రాజెక్టు కాలపరిమితి మేరకు’ అని ఉంది. చేరవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా ఉంటుందమ్మా. అలాంటి కేంద్రంలోనే చాలా ఏళ్లు క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందులను, చికిత్సలను మనుషులపై పరీక్షించే అధ్యయనాలు) సమన్వయం చూసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మెడికల్ కోడింగ్ (రోగాలకు, చికిత్సలకు సంకేతాలు వేసి నమోదు చేయడం), శస్త్రచికిత్స పరికరాల స్టెరిలైజేషన్, ప్రయోగశాల జంతువుల సంరక్షణ, గ్రాంట్ల (పరిశోధనకు బయటి నుంచి వచ్చే నిధుల) లెక్కలు, ఇలా డాక్టర్లు కానివారు చేసే పనులు అక్కడ ఎన్నో. మీకు మాత్రం పరిశోధన విభాగమే నప్పుతుంది.

ఎందుకంటే అక్కడి పనిలో సగం మీకు ఇప్పటికే వచ్చు. ట్రయల్‌లో చేరిన రోగి నుంచి రక్తం తీశాక, ప్రోటోకాల్‌లో (ట్రయల్ నడిపే పద్ధతి రాసిన పత్రంలో) చెప్పిన వ్యవధిలోగా సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పాలి, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను వేరుచేసి చిన్న గొట్టాల్లో పంచాలి, లేబుల్ అంటించి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఏ పని ఎన్ని గంటలకు చేశారో అప్పటికప్పుడే రాయాలి. ఆ సమయం రాయకపోతే ఎంత మంచి నమూనా అయినా అనుమానాస్పదమే. మీరు కొత్తగా నేర్చుకోవలసింది రోగి సమ్మతి పత్రం సంగతి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన తాజా ప్రతి మీదే, రోగి తన చేత్తోనే సంతకం చేసి తేదీ వేయాలి. సందేహాలన్నీ తీరేదాకా ఆయన్ను తొందరపెట్టకూడదు. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా గౌరవం కలిగించిన పని అదే.

ఇక కాలపరిమితి మాట. అమెరికాలో 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి, 1893లో దాని వైద్య కళాశాల మొదలై బోధన, చికిత్స, పరిశోధనలను ఒక్కచోటికి తెచ్చాయి. తరువాత వచ్చిన పెద్ద కేంద్రాలు చాలావరకు ఆ బాటే పట్టాయి. అందుకే పక్కపక్క గదుల్లో కూర్చున్న ఇద్దరి జీతాలు కూడా వేర్వేరు ఖాతాల నుంచి వస్తాయి: ఒకరిది ఆసుపత్రి రాబడి నుంచి, మరొకరిది పరిశోధన గ్రాంటు నుంచి. గ్రాంటు ముగిస్తే ఆ పోస్టు కూడా ముగియవచ్చు. అంతమాత్రాన వదులుకోకండి. గ్రాంటు ఇంకా ఎంతకాలం ఉంది, పొడిగింపునకు దరఖాస్తు చేశారా, గతంలో ఇలా ముగిసినప్పుడు సిబ్బందిని మరో ప్రాజెక్టులోకి తీసుకున్నారా అని ఇంటర్వ్యూలో నేరుగా అడగండి. ఇది అమర్యాద కాదు. సమాధానం దాటవేసే ప్రయోగశాలలో చేరవద్దనే నా సలహా. కొన్ని నెలలే మిగిలిన గ్రాంటు అయితే, ఉన్న ఉద్యోగం మానేసి వెళ్లవద్దు.

ప్రతి పోస్టుకూ దాని సంఖ్య వేసి విడిగా దరఖాస్తు పంపండి. ‘ల్యాబులో అనుభవం ఉంది’ అని ఊరుకోకుండా ఏ యంత్రాల మీద పనిచేశారో, నాణ్యత పరీక్షలు ఎవరు చేసేవారో, నమూనా తిరస్కరించవలసి వస్తే ఏం చేసేవారో రాయండి. ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే ‘గుడ్ క్లినికల్ ప్రాక్టీస్’ నియమాల శిక్షణ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దరఖాస్తుకు ముందే పూర్తిచేయండి. రీసెర్చ్ కోఆర్డినేటర్ పోస్టుకు అనుభవం చాలదంటే, రీసెర్చ్ అసిస్టెంట్‌గానో, నమూనాలు భద్రపరిచే బయోబ్యాంకులోనో చేరండి. లోపలివారికి కొత్త ఖాళీల కబురు ముందుగా తెలుస్తుంది.