ఉదయపూర్‌లో అమ్మతో రెండు రోజులు

ప్రశ్న: డిసెంబరులో అమ్మతో ఉదయపూర్ వెళ్తున్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. రెండు రోజుల్లో ఏవి చూడాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: సిటీ ప్యాలెస్‌కు పొద్దున్నే, తెరవగానే వెళ్లండి. పదహారో శతాబ్దంలో మహారాణా రెండవ ఉదయసింగ్ మొదలుపెట్టిన ఈ రాజభవనానికి తరువాతి రాణాలు ఎవరికి వారు కొత్త గదులు చేర్చుకుంటూ పోయారు. అందుకే ఇరుకు మెట్లు, మలుపులు ఎక్కువ. అమ్మగారిని మధ్యమధ్య కూర్చోనివ్వండి, జనం తోసుకొస్తున్నా సరే. లోపల మోర్ చౌక్ అనే ప్రాంగణం గోడల మీద రంగు గాజు ముక్కలతో పొదిగిన నెమళ్లను మాత్రం తనివితీరా చూడండి. ఆ నీలం, ఆ పచ్చ ఫొటోలో పట్టుబడవు.

దగ్గరలోనే 1651 నాటి జగదీశ్ ఆలయం. సింహాద్రి అప్పన్నను కొలిచేవారికి అక్కడి విష్ణుమూర్తిని చూడాలనే ఉంటుంది. కానీ మెట్లు నిటారుగా ఉంటాయి, ఎక్కలేకపోతే బలవంతం వద్దు.

సాయంత్రం పిచోలా సరస్సులో పడవ ఎక్కండి. అలల పోటు ఉండదు కాబట్టి అమ్మగారికి హాయిగా ఉంటుంది. జగ్‌మందిర్ దీవిని చూడవచ్చు.

రెండో రోజు ఫతేసాగర్ సరస్సు, సహేలియోం కీ బాడీ తోట చాలు. కుంభల్‌గఢ్ కోటను ఇందులో ఇరికించకండి, పోను రాను ప్రయాణానికే అలసిపోతారు. విశాఖ చలి వేరు, అక్కడి చలి వేరు: స్వెటర్లు, మేజోళ్లు తప్పనిసరి.