బిల్లు సంగతి తర్వాత, ముందు ఎల్‌ఎల్‌బీ

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరంలో ఉంది. గూగుల్, వాట్సాప్‌లకు జరిమానాలు వేసే చట్టం మీద మనసు పడింది. డిజిటల్ కాంపిటీషన్ లాలో ఆన్‌లైన్ డిప్లొమా చేస్తే ఉద్యోగం ఖాయమని ఒక సంస్థ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. చేర్పించమంటారా?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: డిప్లొమా మాత్రం వద్దండీ. ఎల్‌ఎల్‌బీ లేకుండా దాంతో వకాల్తా వేయడం కుదరదు. పైగా వాళ్లు అమ్ముతున్న ఆ చట్టం మన దగ్గర ఇంకా ముసాయిదాగానే ఉంది. కేంద్రం నియమించిన కమిటీ 2024 మార్చిలో నివేదికతో పాటు బిల్లు నమూనా ఇచ్చింది, అంతే.

అలాగని అమ్మాయి ఆసక్తిని కొట్టిపారేయకండి. ఇప్పుడున్నది 2002 నాటి కాంపిటీషన్ చట్టం, అంటే పెద్ద కంపెనీలు మార్కెట్లో పోటీని తొక్కేయకుండా చూసే చట్టం. తప్పు జరిగాక విచారణ మొదలవుతుంది. ఫోన్లలో ఉండే గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో, ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) 2019లో దర్యాప్తుకు ఆదేశిస్తే, గూగుల్‌పై రూ.1,337.76 కోట్ల జరిమానా పడేసరికి 2022 అక్టోబరు వచ్చింది. ఈలోగా చిన్న కంపెనీ మూతపడినా అడిగే దిక్కుండదు. అందుకే ముసాయిదా బిల్లు పెద్ద డిజిటల్ సంస్థలను ముందే గుర్తించి, మొదటి నుంచే షరతులు పెట్టాలంటోంది. యూరప్‌లో ఇలాంటి చట్టం ఇప్పటికే అమల్లో ఉంది.

బిల్లు ఎప్పుడొచ్చినా, పని మాత్రం ఇప్పటికే ఉంది. 2014లో ఫేస్‌బుక్ వేల కోట్ల డాలర్లు పోసి వాట్సాప్‌ను కొన్నా సీసీఐ అనుమతి అవసరపడలేదు. అప్పట్లో ఆస్తులు, టర్నోవరే లెక్క. ఇక్కడ వాట్సాప్‌కు అవి పెద్దగా లేవు. 2023 సవరణ ఆ సందు మూసింది. 2024 సెప్టెంబరు నుంచి ఒప్పందం విలువ రూ.2,000 కోట్లు దాటి, అమ్ముడవుతున్న కంపెనీకి భారత్‌లో గణనీయమైన వ్యాపారం ఉంటే సీసీఐకి చెప్పాల్సిందే. ఆ లెక్కలు తేల్చడానికి లాయర్లు, ఎకనామిస్టులు కావాలి. బీకాం చదివిన పిల్లకు బ్యాలెన్స్ షీటంటే భయముండదు, అది చిన్న లాభమేం కాదు.

అమ్మాయికి ఒక పరీక్ష పెట్టండి. సీసీఐ వెబ్‌సైట్‌లో ఆండ్రాయిడ్ ఆర్డరు ఉచితంగా దొరుకుతుంది. అందులో 'మార్కెట్' ఏదో తేల్చిన భాగం చదవమనండి. యాపిల్ ఫోన్లూ స్మార్ట్‌ఫోన్లే కదా, మరి గూగుల్‌కు పోటీ లేదని ఎలా అన్నారు? యాపిల్ తన ఐఓఎస్‌ను వేరే ఫోన్ కంపెనీలకు ఇవ్వదు. అందుకే లైసెన్సుకు దొరికే ఆపరేటింగ్ సిస్టమ్‌లను విడి మార్కెట్‌గా చూశారు. కేసులో సగం కొట్లాట అక్కడే. అది చదివి అమ్మాయి మీతో వాదనకు దిగితే సరైన దారిలో ఉన్నట్టే. పది పేజీలకే విసుగొస్తే, ఆమెకు నచ్చింది పేపర్లో వచ్చిన జరిమానా అంకె మాత్రమే.

దారి మామూలుదే: లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, పక్కనే మైక్రో ఎకనామిక్స్. తర్వాత కావాలంటే క్లాట్ పీజీ రాసి నల్సార్ లాంటి చోట ఎల్‌ఎల్‌ఎం. సీసీఐ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. అధికారుల పోస్టుల్లో లా, ఎకనామిక్స్, ఫైనాన్స్ విభాగాలున్నాయి, కానీ నోటిఫికేషన్లు అరుదు. కాబట్టి వాటినే నమ్ముకోవద్దు.

ఒక్కటి ముందే చెప్పాలి. సీసీఐ ఢిల్లీలో, దాని ఆర్డర్లపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ కూడా అక్కడే. ఈ ప్రాక్టీసు ఎక్కువగా ఢిల్లీ, ముంబయి లా ఫర్ముల్లోనే నడుస్తుంది. జూనియర్‌గా మొదటి ఏళ్లలో వచ్చేది అద్దెకూ మెట్రోకూ సరిపోతే గొప్ప. డిప్లొమాకు కడదామనుకున్న ఫీజు ఆ ఖర్చుకు దాచండి.