ప్లేగు జన్యువులపై పరిశోధన: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. ప్లేగు బ్యాక్టీరియా జన్యువులపై పరిశోధన చేస్తానంటోంది. అది ప్రాణాల మీదికి తెచ్చే పని కాదా? ఆ దారిలో ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ భయం సహజమే గానీ, మీ అమ్మాయి పట్టుకున్నది చాలా లోతైన విషయం. ప్లేగును కలిగించే యెర్సీనియా పెస్టిస్, పేగులకు జబ్బు చేసే యెర్సీనియా సూడోట్యూబర్క్యులోసిస్ నుంచి కొన్ని వేల ఏళ్ల కిందటే విడిపోయింది. రెండింటి డీఎన్‌ఏ చాలావరకు ఒకటే అయినా, మొదటిది చికిత్స అందకపోతే ప్రాణం తీస్తుంది. కొన్ని జన్యువులు కొత్తగా చేరడం, మరికొన్ని పనిచేయడం మానేయడం వల్లే ఇంత తేడా వచ్చింది. వైఎంటీ జన్యువు చేరాక ఈ బ్యాక్టీరియా, ఎలుకలను కుట్టే ఫ్లీ పురుగు కడుపులో బతకగలిగింది. జిగురు పొర తయారీని అదుపులో ఉంచే జన్యువులు కొన్ని చెడిపోవడంతో, ఆ పొర పెరిగి పురుగు ఆహారనాళానికి అడ్డం పడుతుంది; పీల్చిన రక్తం కిందికి దిగక, ఆకలి తీరని పురుగు మళ్లీ మళ్లీ కుడుతూ, కుట్టిన చోటల్లా బ్యాక్టీరియాను కక్కుతుంది. ఆపైన పీఎల్‌ఏ జన్యువు తయారుచేసే ఎంజైము, రక్తం గడ్డకట్టి వేసిన కట్టడిని కరిగించి, బ్యాక్టీరియా ఒళ్లంతా పాకేందుకు తోడ్పడుతుంది. ప్రోటీనే అయిన ఆ ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడంతో ఈ శక్తి పెరిగిందని 2015లో పరిశోధకులు చూపారు.

ప్రమాదం సంగతికొస్తే, పూర్తి శక్తి ఉన్న ప్లేగు బ్యాక్టీరియాను ప్రత్యేక భద్రత గల ప్రయోగశాలల్లో శిక్షణ పొందినవారే ముట్టుకుంటారు. కీలకమైన ప్లాస్మిడ్‌ను (ప్రధాన డీఎన్‌ఏకు వేరుగా ఉండే చిన్న డీఎన్‌ఏ ఉంగరాన్ని) తొలగించిన బలహీన రకాలతోను, కంప్యూటర్‌ మీద జన్యుక్రమాలతోను సాగే పని చాలానే ఉంది.

ప్లేగునే నమ్ముకుంటే మన దేశంలో అవకాశాలు తక్కువనే చెప్పాలి. బ్యాక్టీరియా జన్యుశాస్త్రంలో పట్టు సాధిస్తే మాత్రం అదే నైపుణ్యం క్షయ, టైఫాయిడ్, యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మజీవుల పరిశోధనలకూ పనికొస్తుంది. ఎమ్మెస్సీ కోసం ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ, గ్యాట్-బీ ప్రవేశపరీక్షలు రాయించండి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే పీహెచ్‌డీకి నెలనెలా ఫెలోషిప్ అందుతుంది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్, గణాంకశాస్త్రం ఇప్పటి నుంచే నేర్చుకోవాలి.

ప్లేగు బ్యాక్టీరియా పూర్తి జన్యుక్రమం 2001లో వెలువడింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులోని మూడు ప్లాస్మిడ్లలో అతి చిన్నదానికి ఉన్నవి సుమారు 9,600 డీఎన్‌ఏ అక్షరాలే. ఈ సెలవుల్లో దాన్ని తెరిచి, పీఎల్‌ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెతకమనండి. ఆ పనిలో ఆమె అన్నం వేళ మరిచిపోతే, ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షకు ఫీజు కట్టడానికి వెనకాడకండి.