రేకు పెరిగింది, కణం పెరగలేదు: ఎందుకు?

హైదరాబాదులో మీరు పెంచుతున్న, బిగ్ బ్రదర్ అనే జన్యువు పనిచేయని అరాబిడాప్సిస్‌లో (ప్రయోగాల్లో వాడే ఆవజాతి చిన్న మొక్క) ఆకర్షణ పత్రాలు, అంటే పూరేకులు, పెద్దవైనా కణాలు మామూలుగానే ఉన్నాయేమని అడిగారు. అది కొలతలో పొరపాటు కాకపోవచ్చు. ఆ జన్యువు కణవిభజన సాగే కాలాన్ని కుదిస్తుంది కనుక, అది లోపిస్తే పెరిగేది ప్రధానంగా కణాల సంఖ్యే. కణమే ఉబ్బడం బిగ్‌పెటల్ అనే మరో జన్యువు లోపించినప్పటి లక్షణం.

చాలామంది వదిలేసేది కొలిచే చోటు. రేకు పైతలంలో కొసన కణాలు శంకువుల్లా, మొదలు దగ్గర పొడవుగా ఉంటాయి; రెంటినీ కలిపి సగటు తీస్తే ఏదీ తేలదు.

1. కాండంపై ఒకే వరుసలోని, పూర్తిగా విచ్చిన పూలనే తీసుకోండి. హైదరాబాదు మే నెలలో కరెంటు పోయి పెంపకపు గది 22 డిగ్రీలు దాటిన రోజుల పూలు వద్దు.

2. కొసన ఒకే చోట కణ వైశాల్యాన్ని కొలిచి, సాధారణ మొక్కతో పోల్చండి.

3. కొస నుంచి మొదలు దాకా ఒకే గీత వెంట కణాలను లెక్కించండి.