కాగితం స్ట్రా ఎవరూ అడగరు, శుభ్రమైన గ్లాసు అడుగుతారు

"ప్లాస్టిక్ స్ట్రాలకు బదులు కాగితం, వెదురు, బియ్యప్పిండి స్ట్రాలు తయారుచేసే యూనిట్ పెట్టాలని ఉంది. కస్టమర్లలో వీటికి నిజంగా డిమాండ్ ఉందా?" అని అడిగారు. రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్ వైపు మాకు జ్యూస్ షాపు ఉంది. నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే కనిపించేది చెబుతాను.

"పర్యావరణానికి మంచిది, ఆ స్ట్రా ఇవ్వండి" అన్న మనిషి నాకింతవరకు తగల్లేదు. 2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించారు. దానికి మా కస్టమర్లు సంతోషించలేదు, బాధపడనూ లేదు. కాగితం స్ట్రా ఇస్తే తాగారు, నానిపోతే విసుక్కున్నారు. కంగారుపడింది పది రూపాయల జ్యూస్ డబ్బాలు అమ్మే పెద్ద కంపెనీలు. దేశంలో సరిపడా కాగితం స్ట్రాలు తయారు కావడం లేదు, గడువు పెంచండి అని ప్రభుత్వాన్ని అడిగాయి. అంటే గిరాకీ పుట్టించింది తాగేవాడు కాదు, చట్టం. తిరుమల కొండ మీదా అంతే. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేశారు, భక్తులు గాజు సీసాలకు అలవాటుపడ్డారు.

తాగేవాళ్లకు కావలసింది ఇంకొకటి ఉంది. అది నాకు ఒక మే నెల సాయంత్రం బాగా అర్థమైంది. పుష్కర ఘాట్ చూసుకుని ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. పిల్లలకు రోజ్‌మిల్క్, మిగతావాళ్లకు సపోటా షేక్ చెప్పారు. షేక్ చిక్కగా ఉంటుంది కదా, పెద్దావిడ గట్టిగా పీల్చేసరికి కాగితం స్ట్రా అతుక్కుపోయింది. ఇంకోటి ఇచ్చాను, అదీ అంతే. కోడలు లేచి వచ్చి, "పాత ప్లాస్టిక్ స్ట్రాలు ఏమన్నా ఉన్నాయా అన్నయ్యా?" అని అడిగింది. లేవమ్మా, గ్లాసుతోనే తాగేయండి అన్నాను. ఆ అమ్మాయి కాస్త మొహమాటపడి, "ఏమీ అనుకోకండి, గ్లాసులు ఎక్కడ కడుగుతారో ఒకసారి చూడొచ్చా?" అంది.

లోపలికి తీసుకెళ్లి చూపించాను. కుళాయి కింద సబ్బుతో కడిగి, మరిగే నీళ్లలో ముంచి, బోర్లించే గ్లాసులు. చూసి వెనక్కి వచ్చి పిల్లలతో, "స్ట్రాలు తీసేసి తాగండి, బానే కడుగుతున్నారు" అంది. నాలుగు స్ట్రాలు బల్ల మీదకు వచ్చేశాయి. పెద్దావిడకు మాత్రం చెయ్యి వణుకుతోంది, ఆవిడకు స్ట్రా తప్పదు. ఫలూదా కోసం ఉంచిన లావు రకం కాగితం స్ట్రా ఇస్తే అది ఆగింది. ఆవిడ నెమ్మదిగా గ్లాసు మొత్తం తాగింది.

మన దగ్గర జనం స్ట్రా అడిగేది ఎక్కువగా ఎంగిలి భయంతో. ఎవరో తాగిన గ్లాసు అంచుకు మూతి పెట్టాలంటే మనసొప్పదు. ఆ వారమే సింకును షాపు ముందుకు మార్పించాను, రోడ్డు మీద నుంచి కూడా కనిపిస్తుంది. అడిగితేనే స్ట్రా అని బోర్డు పెట్టాను. స్ట్రాల ఖర్చు సగానికి పైగా తగ్గింది, ఒక్కరూ గొడవ పెట్టలేదు. కాలుష్యం గురించి ఎన్ని పోస్టర్లు అంటించినా ఇంత పని జరగదని గట్టిగా చెప్పగలను.

స్టీలు స్ట్రాలు మా షాపులో నడవకపోవడానికి కారణం కూడా ఈ ఎంగిలే. లోపల కడిగారో లేదో కంటికి కనపడదు. ఇంట్లో వాడుకోవడానికి మాత్రం అంతకంటే మంచిది లేదు. 2023లో బెల్జియం పరిశోధకులు 39 రకాల స్ట్రాలు పరీక్షిస్తే 27 రకాల్లో పీఫాస్ అనే, ఏళ్లు గడిచినా విరిగిపోని మొండి రసాయనాలు కనిపించాయి. కాగితంవి 20 పరీక్షిస్తే 18లో ఉన్నాయి. స్టీలువి ఐదింటిలో ఒక్కదానిలోనూ లేవు. కాగితం అనగానే శుద్ధం అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

నాకు ఒళ్లు మండేది మరొకటి ఉంది. హోల్‌సేల్ కొట్లలో 'మట్టిలో కలిసిపోతుంది' అని ఆకుపచ్చ ముద్రతో ప్లాస్టిక్ లాంటి స్ట్రాలు అమ్ముతున్నారు. కంపోస్టబుల్, అంటే ఎరువుగా మారే ప్లాస్టిక్‌కి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. అడిగితే చూపించేవాడు లేడు. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ రకం అయినా అరవై డిగ్రీల వేడి ఉండే కంపోస్ట్ ప్లాంటులోనే కరుగుతుంది. గోదావరి గట్టున పడేస్తే అలాగే పడి ఉంటుంది. ఇక కాగితం స్ట్రాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అమ్మేవాళ్లను ఏమనాలో నాకు తెలియడం లేదు.

మీరు యూనిట్ పెట్టేముందు ఏ పానీయానికి అమ్ముతారో తేల్చుకోండి. బొండాం బండి దగ్గర ఎంగిలి బాధ లేదు, చొక్కా మీద కారుతుందని స్ట్రా అడుగుతారు. కొబ్బరినీళ్లు పల్చన, నిమిషాల్లో తాగేస్తారు, మామూలు కాగితం స్ట్రా చాలు. అక్కడ ధర ఒక్కటే చూస్తారు. సపోటా షేక్, ఫలూదాకి గట్టిదనం చూస్తారు. శాంపిల్‌ని అరగంట షేక్‌లో ఉంచి చూడకుండా ఏ షాపుకీ తీసుకెళ్లకండి. బెంగళూరులో ఎండి రాలిన కొబ్బరాకులతో స్ట్రాలు చేస్తున్నారు. కోనసీమలో ఆ ఆకు ఎక్కడ చూసినా ఉంది, కూలి మనుషులకు పని దొరుకుతుంది. బియ్యప్పిండికంటే ముందు దాన్ని ఆలోచించండి.

నన్నడిగితే అసలైన గిరాకీ ఆసుపత్రుల్లో ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లు, చేతులు వణికేవాళ్లు, మంచం మీద నుంచి లేవలేనివాళ్లు స్ట్రా లేకపోతే తాగలేరు. వాళ్లకు వంగే స్ట్రా కావాలి. మామూలు కాగితంవి వంచితే మడతపడి మూసుకుపోతున్నాయి. షోకు కోసం వాడేవాళ్లకు బోలెడు రకాలు వచ్చాయి, వీళ్ల గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ. వంచినా మూసుకుపోనిది, నానిపోనిది మీరు చేయగలిగితే మా షాపుకు ఒక పెట్టె పంపండి, చెప్పిన ధర ఇచ్చి కొంటాను.