థైరాయిడ్ స్పెసిమెన్‌కి కత్తి పెట్టేముందు

చి. సౌమ్యకు ఆశీస్సులు.

ఆపరేషన్‌లో తీసిన భాగాల్ని (స్పెసిమెన్‌లని) కోసి పరీక్షకి ముక్కలు తీసే గ్రాసింగ్‌లో పోస్టింగ్ పడిందనీ, థైరాయిడ్ కేసులంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. థైరాయిడ్‌లో చాలా పొరపాట్లకి మూలం మైక్రోస్కోపు దగ్గర కాదమ్మా, కత్తి దగ్గర. అందుకే ముందు కత్తి సంగతే చెబుతాను.

రిక్విజిషన్ ఫారం చదవకుండా స్పెసిమెన్ ముట్టుకోకు. ఎఫ్‌ఎన్‌ఏసీలో (సన్నటి సూదితో కణాలు లాగి చూసే పరీక్షలో) ఏం వచ్చింది, స్కానింగ్‌లో గడ్డ ఏ లోబ్‌లో (థైరాయిడ్ రెండు పక్కల భాగాల్లో దేన్లో) ఉంది అన్నవి తెలియాలి. ఫారం ఖాళీగా వస్తే మొహమాటపడకుండా సర్జన్‌కి ఫోన్ చెయ్యి. తూచి, కొలిచి, అంచు గుర్తుండేలా పైన ఇంకు పూసి, లోబ్ మొత్తాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన ముక్కలు కోయి. ఫార్మలిన్ (కణజాలం పాడవకుండా నిలిపే ద్రవం) సరిగా పట్టని ముక్కలో న్యూక్లియస్‌లు (కణ కేంద్రకాలు) ఉబ్బి, తెల్లబారి, లేని క్యాన్సర్‌ని చూపిస్తాయి.

నీ టేబుల్ మీదికి ఎక్కువగా వచ్చేవి మల్టీనాడ్యులర్ గాయిటర్లే, అంటే చాలా బుడిపెలతో ఉబ్బిన థైరాయిడ్‌లే. కొలాయిడ్‌తో (థైరాయిడ్‌లో నిలవుండే పదార్థంతో) జిగురుగా మెరిసే ఆ బుడిపెల మధ్య తెల్లగా, గట్టిగా ఓ చిన్న మచ్చ కనిపిస్తే ఆగు. ఒక్కోసారి కత్తికి గరగరమని తగులుతుంది. అది ప్యాపిలరీ మైక్రోకార్సినోమా (చాలా చిన్న ప్యాపిలరీ క్యాన్సర్) కావచ్చు. గాయిటరే కదా అని నాలుగు బ్లాకులిచ్చి (స్లైడ్ కోసం మైనంలో పోసే ముక్కలు) చేతులు దులుపుకుంటే ఆ మచ్చ డబ్బాలోనే ఉండిపోతుంది.

అసలు పరీక్ష చుట్టూ క్యాప్సూల్ (పొర) ఉన్న ఒంటరి గడ్డతో. ఫాలిక్యులర్ అడినోమాకీ (క్యాన్సర్ కాని గడ్డ) కార్సినోమాకీ (క్యాన్సర్) కణాలు చూసి తేడా చెప్పలేం. క్యాప్సూల్‌ని దాటిందా, రక్తనాళంలోకి దిగిందా అన్నదే తేల్చుతుంది. ఎఫ్‌ఎన్‌ఏసీకి అది అందదు, అందుకే లోబ్ తీసి నీకు పంపారు. గడ్డ మధ్యలోంచి ఒకటి రెండు బ్లాకులు చాలు, అంచు మాత్రం వీలైతే మొత్తం ఇవ్వు. ముక్కలు పెట్టే క్యాసెట్లు ఇన్నా అని చూసి టెక్నీషియన్ విసుక్కుంటాడు, విసుక్కోనీ. స్లైడ్‌లో క్యాప్సూల్ అనుమానంగా కనిపిస్తే అదే బ్లాకులో ఇంకా లోతుకి కోయించు. ఎఫ్‌ఎన్‌ఏసీ సూది గుచ్చిన దారిలోనూ క్యాప్సూల్ చిరిగి కణాలు ఇరుక్కుంటాయి. పక్కనే పాత రక్తం మరకలు, మచ్చకట్టిన కణజాలం ఉంటే దాన్ని ఇన్వేషన్ (క్యాన్సర్ చొచ్చుకుపోవడం) అనకు. నాళాల్లోకి నిజంగా దిగితే ఎన్నింట్లోకో రాయి. నాలుగు, అంతకు మించి అయితే ముప్పు ఎక్కువ.

ప్యాపిలరీ క్యాన్సర్‌కి న్యూక్లియసే సాక్షి: తెల్లబారడం, గాడి, లోపల ఇన్‌క్లూజన్ (సైటోప్లాజమ్ లోపలికి చొచ్చిన గుండ్రటి ముద్ద). ఒక్క లక్షణం చూసి కలం కదపకు, హషిమోటో (థైరాయిడ్ మీద శరీరమే దాడి చేసే వాపు) పక్కనున్న ఫాలికల్స్ (కొలాయిడ్ నిండిన చిన్న సంచులు) కూడా కొంత అలాగే కనిపిస్తాయి. ప్యాపిలరీలో ఇన్వేషన్ లేని ఫాలిక్యులర్ వేరియంట్‌కి (ఫాలికల్స్‌గా పెరిగే రకానికి) 2016లో క్యాన్సర్ అనే మాట తీసేసి నిఫ్ట్‌పీ అని పేరు పెట్టారు కదా, అలా రాయాలన్నా అంచు మొత్తం చూసి ఉండాలి. తిరిగి తిరిగి కత్తి దగ్గరికే వచ్చాం!

అనాప్లాస్టిక్ (చాలా వేగంగా పెరిగే థైరాయిడ్ క్యాన్సర్) అరుదు. ముసలివాళ్ళలో, వారాల్లో పెరిగిన గడ్డ అని ఫారమే చెబుతుంది. మెడ్యులరీ (థైరాయిడ్‌లోని సి-కణాల క్యాన్సర్) మాత్రం ఏ వేషమైనా వేస్తుంది. కణాలు దేనికీ పొంతన కుదరకపోతే కాల్సిటోనిన్ (ఆ సి-కణాలు చేసే హార్మోన్) స్టెయిన్ అడుగు. అది పాజిటివ్ అయితే రెట్ జీన్ (వంశపారంపర్యమా అని తేల్చే) పరీక్ష సంగతి సర్జన్‌తో మాట్లాడు, ఇంట్లో మిగతావాళ్ళకీ ఉండొచ్చు.

ఇంకొకటి, లోబ్ వెనక పారాథైరాయిడ్ (రక్తంలో కాల్షియాన్ని సరిచూసే చిన్న గ్రంథి) దొరికితే రిపోర్టులో తప్పక రాయి. ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోతే వార్డులో వాళ్ళకి ఆ ఒక్క లైనే కావాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న