జీపీఎస్‌తో మొదలుపెట్టాలా, నేల మీద గీయించాలా?

గ్రామస్తులతో కలిసి వాళ్ల భూములు, నీటి వనరుల మ్యాప్ తయారు చేయాలనుకుంటున్నామని, నేరుగా జీపీఎస్‌తో మొదలుపెట్టవచ్చా అని, అసలు దీనివల్ల వాళ్లకు బలం వస్తుందా అని అడిగారు. నేను కొన్నేళ్లు ఈ పనిలోనే ఉన్నాను. మొదటి మ్యాప్ నేల మీదే గీయించండి. జీపీఎస్ ఆ తర్వాత.

మొదట్లో నేను పెద్ద శాటిలైట్ ఫొటో ప్రింట్ తీసుకెళ్లి బల్ల మీద పరిచేవాణ్ణి. చదువుకున్న నలుగురు కుర్రాళ్లే చుట్టూ చేరేవాళ్లు. మిగతావాళ్లు వెనక నుంచి తొంగిచూసి వెళ్లిపోయేవాళ్లు. ఒకసారి ప్రింట్ సమయానికి అందలేదు. సుద్దపొడి, రాళ్లు, ఆకులు ఇచ్చి నేల మీదే గీయమన్నాం. కాసేపటికి జనం మూగారు. "వాగు అక్కడ కాదు, ఇక్కడ వంపు తిరుగుతుంది" అని ఒక ముసలాయన గీత చెరిపేసి మళ్లీ గీశాడు. నేల మీది గీత తప్పయితే కాలితో చెరిపేయొచ్చు, అందుకే ఎవరూ జంకరు. ఈ పద్ధతులను ప్రపంచానికి పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడైన రాబర్ట్ చాంబర్స్ దీన్నే కర్రను వాళ్ల చేతికి అప్పగించడం అనేవారు. కర్ర ఇచ్చాక మనం నోరు మూసుకుని కూర్చోవాలి. అన్నిటికంటే కష్టం అదే.

ఆడవాళ్లతో తప్పకుండా వేరేగా గీయించండి. అదే గ్రామంలో మగవాళ్ల మ్యాప్‌లో చెరువు, రోడ్డు, పొలిమేర ఉన్నాయి. ఆడవాళ్ల మ్యాప్‌లో వీటితో పాటు మూడు చెలమలు, వాటి దగ్గరికి వెళ్లే కాలిబాట కూడా వచ్చాయి. ఎండాకాలంలో సగం ఇళ్లకు నీళ్లు అక్కడి నుంచే. రికార్డుల్లో మాత్రం అది ఖాళీ బీడు, లీజుకు ఇవ్వబోతున్నారు. ఆ ఆడవాళ్లే మ్యాప్ పట్టుకెళ్లి అధికారుల ముందు మాట్లాడారు. లీజు ఆగలేదు గానీ, చెలమలున్న భాగాన్ని అందులోంచి తీసేశారు.

ఇంతకంటే పెద్ద ఫలితాలూ ఉన్నాయి. కెనడాలో ఇన్యూట్ అనే ఆదివాసీ వేటగాళ్లు తాము జీవితంలో ఎక్కడెక్కడ వేటాడారో, ఎక్కడ మకాం వేశారో మ్యాపుల మీద గుర్తించారు. 1976లో అచ్చయిన ఆ మ్యాపులు భూమి హక్కుల చర్చలకు ఆధారమయ్యాయి. 1993లో ఒప్పందం కుదిరింది, 1999లో వాళ్లుండే ప్రాంతం నునావుట్ పేరుతో విడిగా ఏర్పడింది. అంటే ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఈ సంగతి గ్రామస్తులకు ముందే చెప్పండి, లేనిపోని ఆశలు పెట్టకండి.

ఎదురుదెబ్బలూ తగులుతాయి. మలేసియాలోని సరవాక్‌లో ఇబాన్ ఆదివాసీల గ్రామం ఒకటి గీసుకున్న మ్యాప్ కోర్టులో సాక్ష్యమైంది. కానీ 2001లో, లైసెన్సు లేనివాళ్లు భూమి సర్వే చేయకుండా అక్కడ చట్టం తెచ్చారు. మీరు పనిచేసే చోట చట్టం ఏమంటుందో ముందే కనుక్కోండి.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. ఒక పెద్దావిడ నమ్మి చూపించిన మందు మొక్కల చోట్లను జీపీఎస్‌తో సహా మ్యాప్‌లో పెట్టాను. ఆ మ్యాప్ చేతులు మారింది. మరుసటి ఏడాదికల్లా బయటివాళ్లు వచ్చి వేళ్లతో సహా తవ్వుకుపోయారు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటి నుంచి, గీయడం మొదలుపెట్టకముందే "ఇందులో ఏమేం పెట్టకూడదు?" అని అడుగుతున్నాను. వాళ్లు ఒప్పుకునేదాకా ఫొటో తీయను. నేల మీది మ్యాప్‌ను వాళ్లే పెద్ద కాగితం మీదికి ఎక్కించి, మూలన తేదీ, గీసినవాళ్ల పేర్లు రాస్తారు. ఆ అసలు కాగితం గ్రామంలోనే ఉంటుంది, నేను తెచ్చుకునేది నకలు మాత్రమే.